హద్దు రాయి

మ్యాపు తెరవబోయిన ప్రతిసారీ తెర మీద అదే వాక్యం. డేటాబేస్‌కు కనెక్షన్ దొరకలేదు.

సూళగిరిలో ఆ చిన్న సర్వే ఆఫీసుకు పొద్దుటి నుంచి వేరే పని లేదు. కుందారపల్లి కొత్త రోడ్డు మ్యాపు సాయంత్రం నాలుగింటికల్లా కృష్ణగిరి జిల్లా ఆఫీసుకు చేరాలి. ఈ రోజు శుక్రవారం, దాటితే ఇక సోమవారమే.

యజమాని కేశవప్ప యోగేష్ కుర్చీ వెనకే నిలబడ్డాడు.

"ఏమప్పా, నిన్న బాగానే ఉండె గదా?"

యోగేష్ మ్యాపు మళ్లీ తెరవబోయాడు. అనంతపురం నుంచి వచ్చి నాలుగు నెలలు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ రోడ్డును కొలిచిందీ, గీసిందీ అతనే.

హోసూరు నుంచి తిలక్ అనే కంప్యూటర్ మెకానిక్ ఫోన్లో ఒక్కొక్కటే చెప్పాడు. సర్వర్ పేరు చూడమన్నాడు. సరిగ్గానే ఉంది. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టమన్నాడు, ఫైర్‌వాల్ ఆపమన్నాడు. చివరికి సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించమన్నాడు. దానికే గంటన్నర పట్టింది. యోగేష్ అన్నీ బుద్ధిగా చేశాడు. ఏదీ పనిచేయలేదు.

మూడున్నరకు తిలక్‌కు అనుమానం వచ్చింది. సర్వర్ వెనక కేబుల్ చూడమన్నాడు. యోగేష్ లేచేలోపే కేశవప్ప సర్వర్ ఉన్న పక్క గదిలోకి వెళ్లి వంగాడు. కేబుల్ ఊడి నేల మీద పడి ఉంది.

పొద్దున ఆ గది చిమ్మింది పుట్టమ్మ. ఆమెది కుందారపల్లే. రోడ్డు గీత ఆమె ఇంటి మీదుగా పోవడం నిన్న కేశవప్పే ఆమెను పిలిచి తెర మీద చూపించాడు. చీపురు పట్టుకుని ఆమె చాలాసేపు ఆ గీతనే చూసింది.

"నువ్వే లాగినావా పుట్టమ్మా? ఇల్లు పోతాదనా?"

ఆమె ఏదో చెప్పబోయింది. యోగేష్ వైపు చూసింది. తల దించుకుంది.

"నేనే సార్."

"రేపట్నుంచి రావద్దు."

కేబుల్ లాగింది యోగేష్, పొద్దున ఎనిమిదింటికి. నిన్న అందరూ వెళ్లాక పాత పటంతో సరిచూస్తే తన తప్పు బయటపడింది. కుందారపల్లి పొలాల్లో పసుపు పూసి కుంకుమ పెట్టిన రాయి ఒకటి కనబడితే, దేవుడనుకుని, బూట్లతో దగ్గరికి పోకుండా పక్కనున్న రాయే హద్దనుకుని దాని నుంచి కొలిచాడు. ఆ ఊళ్లో జనం పూజ చేసేది హద్దు రాయికే. గీత ముప్పై అడుగులు జరిగింది. సరిగ్గా కొలిస్తే రోడ్డు బీడులో పోతుంది. ఏ ఇంటినీ తాకదు.

చెబితే ఉద్యోగం పోతుంది. ఈ రోజు మ్యాపు ఆగితే ఆదివారం ఒక్కడే వెళ్లి మళ్లీ కొలిచి, ఎవరికీ తెలియకుండా గీత మార్చేయాలనుకున్నాడు. ఇప్పుడైనా చెప్పవచ్చు. నోరు తెరవలేదు.

కేశవప్ప కేబుల్ గుచ్చాడు. మ్యాపు వెంటనే తెరుచుకుంది. నాలుగింటికి ఐదు నిమిషాలుండగా ఆయనే తన చేత్తో పంపేశాడు. టీ తాగి వస్తానని బయటికి వెళ్లాడు.

పుట్టమ్మ అన్నం క్యారియర్ సర్దుకుని యోగేష్ టేబుల్ దగ్గర ఆగింది. అతను కీబోర్డు మీది నుంచి చూపు తీయలేదు.

"నువ్వు వైరు లాగేది కిటికీలోంచి చూసినానప్పా," అంది మెల్లగా. "ఎవరికీ చెప్పను. మా ఇల్లు నిలబెట్టాలని చూసినోడివి, నా వల్ల నీ అన్నం పోకూడదు."