పిలిస్తే పలికే పెట్టె

నూజివీడు అవతల మామిడితోట షెడ్డులో శేషగిరి ఫోన్ లైనుకి మోడెం పెట్టె తగిలించి సెట్టింగులు రాస్తున్నాడు. పక్కన నులకమంచం మీద కూతురు లాస్య నిద్రపోతోంది. దయ్యమైతే మూడోసారి పిలవదని, రాత్రిపూట ఎవరైనా పిలిస్తే మూడో పిలుపుదాకా పలక్కూడదని పాపకి వాళ్ళమ్మమ్మ చిన్నప్పట్నుంచీ నూరిపోసింది. ఇతగాడు పెట్టెకి నేర్పిందేమో దానికి పూర్తిగా తలకిందులు: ఎవరు పిలిచినా పలుకు, వాళ్ళ పేరడక్కు, నీ పేరు చెప్పు. ఆ పేరు కూడా, ముద్దుకొద్దీ, కూతురిదే పెట్టాడు.

మోటారు ఆగితే దీన్ని పిలవాల్సిన రెండో పెట్టె, బోరు దగ్గర పెట్టాల్సింది, ఇంకా సంచిలోనే ఉంది. అయినా మోడెం గుర్రుమంది. లైను కలిసి పచ్చ దీపం వెలిగింది.

"ఎవరండీ?" అన్నాడు, పెట్టెతోనే.

బయట చెట్ల కింద ఎవరో మెల్లగా పిలిచారు. "లాస్యా..."

శేషగిరి ఒక్క ఉదుటున వెళ్ళి పాప నోరు మూశాడు. అరచేతి కింద పెదాలు కదల్లేదు.

"ఆఁ, వస్తున్నా" అంది పెట్టె, పాప గొంతుతో.