వెండెల్ గ్రీజు

డబ్బాలో ఇక మిగిలింది వేలికి అంటేంత గ్రీజే.

ట్వైలా దాన్ని తల్లి ముక్కు దగ్గర పెట్టింది. ఆర్డిత్ ముసలమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా వాసన పీల్చింది. అంతవరకూ కిటికీకీ గుమ్మానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగిన మనిషి కాస్తా కుర్చీలో కుదురుగా కూర్చుంది.

"చలి మొదలైపోయింది. ఇంకా రాలేదేమిటే?" అంది.

"వస్తాడులే అమ్మా."

రోజూ సాయంత్రం ట్వైలా చెప్పే అబద్ధమే అది. తండ్రి వెండెల్ కిందటి చలికాలంలోనే పోయాడు.

ఆర్డిత్‌కి కన్నకూతురి పేరే గుర్తులేదు. ఈ వాసన మాత్రం గుర్తుంది. మందు దట్టించి పేల్చే పాతకాలపు రివాల్వర్ కోసం వెండెల్ వాడిన గ్రీజు అది. గొర్రె కొవ్వు, తేనెమైనం, ఇంకేదో. ఆ ఇంకేదో ఏమిటో ఆయన ఎవరికీ చెప్పకుండానే పోయాడు. డబ్బా మాత్రం ఎప్పుడూ వంటింటి కిటికీలోనే ఉండేది, తుపాకీ పెట్టెలో కాదు.

ట్వైలా తనూ వండి చూసింది. మొదటిసారి సబ్బులా గట్టిపడింది. రెండోసారి పులుసులా కారింది. ఆఖరికి బాగానే కుదిరిందనుకుంటే, తల్లి వాసన చూసి మొహం తిప్పేసుకుంది.

"చేపలు వేయించావుటే?"

ఆ రాత్రి ఆర్డిత్ వాకిలి తీసుకుని మంచులోకి వెళ్ళిపోయింది. ఈ డబ్బా అయిపోతే అమ్మని వృద్ధాశ్రమంలో చేర్చక తప్పదని ట్వైలాకి అప్పుడే అర్థమైంది. ఆ ఊహకే ఆమెకి ఏడుపొచ్చింది.

అలాంటి గ్రీజు ఎవరి దగ్గరైనా ఉంటుందేమోనని, ఆదివారం డబ్బా పట్టుకుని తండ్రి వెళ్ళే తుపాకుల క్లబ్బుకి వెళ్ళింది.

అక్కడ ఎవడి గ్రీజు వాడిదే, ఎవడిది వాడికి గొప్పే. గుళ్ళ మీద గ్రీజు సరిగ్గా పూయకపోతే రివాల్వర్‌లోని ఆరు గుళ్ళూ ఒక్కసారే పేలి చెయ్యి ఎగిరిపోతుందని వాళ్ళ భయం.

"నాది చూడమ్మా, వెన్నంటే వెన్నే!" అన్నాడొకడు.

"వెన్నేంట్రా, పాచిపోయిన పాప్‌కార్న్ కంపు!" అన్నాడు పక్కవాడు.

ట్వైలా అందరి డబ్బాలూ వాసన చూసింది. ఏదీ అది కాదు.

అప్పుడొచ్చాడు ఆ ముసలాయన. నల్లటి గుండ్రటి టోపీ, వెనకాలే ఓ కుక్క, ఒళ్ళంతా గొర్రెల వాసన. మందలతో పాటు కొండ దిగొచ్చిన గొర్రెల కాపరి, ఎప్పుడో స్పెయిన్ వైపు నుంచి వలసొచ్చిన బాస్క్ జాతి మనిషి.

"వెండెల్ రాలేదా?" అని అడిగాడు.

"మా నాన్న పోయారండీ."

ముసలాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మరి అమ్మ కులాసాయేనా?"

ట్వైలా జవాబు చెప్పేలోపే ఆయన చూపు డబ్బా మీద పడింది. వేలు పెట్టి ఉన్న కాస్తా గోకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏంటండీ ఆ పని!" ట్వైలా డబ్బా లాక్కుంది. "బూట్లకి పూసుకోడానికి ఇదే దొరికిందా మీకు?"

"తప్పయింది తల్లీ. అయిపోయిందేమోనని చూశాను."

"అయిపోతే మీకేం? మీరేమన్నా చేసిస్తారా?"

ఆయన ఖాళీ అయిన డబ్బా వంక చూశాడు.

"ఒక్కసారి అమ్మని చూసి పోవచ్చా?"

"మా అమ్మ ఎవర్నీ గుర్తుపట్టదు. వెళ్ళండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన వెళ్ళిపోయాడు. వేలికంటిన గ్రీజు తుడుచుకోకుండానే వెళ్ళాడు.

ఆ తరవాత రోజులు నరకమే. ఆర్డిత్ తిండి మానేసింది. ట్వైలా వృద్ధాశ్రమం వాళ్ళకి ఫోన్ చేద్దామనుకుంటుండగానే క్లబ్బు పెద్ద మెర్ల్ నుంచి ఫోనొచ్చింది.

"నీకోసం ఓ బకెట్ ఉందమ్మా. వచ్చి పట్టుకెళ్ళు."

ట్వైలా వెళ్ళి మూత తీసింది. అదే వాసన.

"ఎవరిచ్చారు?"

"ఆ కాపరే, బెన్యాత్. ఏటా మందలు దిగగానే మీ నాన్నకి తెచ్చిచ్చేవాడుగా."

"నాన్నే వండేవాడు కదా!"

"వెండెలా? ఆయనకి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదమ్మా!" మెర్ల్ నవ్వాడు. "వింతేంటంటే, ఈ బెన్యాత్ జన్మలో తుపాకీ పట్టి ఎరగడు. ఇదెందుకు వండేవాడో మాకెవరికీ తెలీదు."

"నేనాయన్ని నానా మాటలూ అన్నాను మెర్ల్. క్షమించమని అడగాలి. ఎక్కడుంటాడు?"

మెర్ల్ నవ్వు ఆగిపోయింది.

"ఇది నా చేతికిచ్చిన మర్నాడే, తన బండిలో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడమ్మా. ఇవాళ పొద్దున్నే పూడ్చిపెట్టొచ్చాం."

ఇంటికొచ్చి ట్వైలా తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ ముడతల చేతులకి గ్రీజు పూసి మెల్లగా రాసింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఆర్డిత్ చేతులు ముక్కుకి ఆనించుకుని చిన్నపిల్లలా నవ్వింది.

"వచ్చాడన్నమాట."

ట్వైలాకి ఇక అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"లేదమ్మా. నాన్న పోయాడు. ఇక రాడు."

ఆర్డిత్ కూతురి వంక జాలిగా చూసింది.

"వెండెల్ పోయాడని నాకు తెలీదుటే పిచ్చిదానా? మట్టి వేసింది నేనేగా! నేనడిగేది బెన్యాత్ సంగతి. హోటల్లో గిన్నెలు తోమి తోమి చేతులు పగిలి నేనేడుస్తుంటే, ఇది వండి తెచ్చింది వాడే. 'నువ్వు వెండెల్‌ని చేసుకున్నా సరే, నేను బతికున్నంతకాలం నీ చేతులు పగలనివ్వను' అని మాటిచ్చాడు. ఈసారైనా లోపలికి రమ్మన్నావా లేదా?"