రెండు తలల తాడిచెట్టు

మాణిక్యం కొత్త పరికిణీకి బొగ్గు మరక అంటింది.

పడవ ఏలూరు కాలవ దాటి అప్పుడే కొల్లేట్లోకి మళ్ళింది. తల్లి వీరరాఘవమ్మ వెనక్కి తిరిగి చూస్తే, ముక్కూ మొహం తెలియని మనిషెవరో పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని పడవ చెక్కల మీద బొమ్మలు వేయిస్తున్నాడు. నెరుస్తున్న గడ్డం. ముందర బొగ్గు ముక్కలు, ఇటుక పెడ్డ, పసుపుకొమ్ము, ఆకుపచ్చ రంగుకి చిక్కుడాకులు.

వీరరాఘవమ్మది దెందులూరు. "నాలుగేళ్ళ పిల్లతో ఆ జనంలోకి ఒక్కదానివీ ఏం వెళతావు, నూర్పులయ్యాక చూద్దాం" అని మొగుడు చలపతిరావు అంటే, "నూర్పులయ్యేదాకా కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరణాల ఆగుతుందా?" అని పిల్లను చంకనేసుకుని బయల్దేరిన మనిషి.

1934 నాటి ఆ తిరణాల సంగతి చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. వచ్చిన జనం కాళ్ళు కడిగితే కొల్లేరు జానెడు పొంగిందట. రెండు కాళ్ళూ పెట్టడానికి చోటు చాలకే కొంగలు ఒంటికాలి మీద నిలబడటం నేర్చుకున్నాయట.

"మీ నాన్నగారి పేరేంటి తల్లీ?" అన్నాడు ఆ మనిషి.

"ఏవండీ" అంది మాణిక్యం.

పడవంతా ఘొల్లుమంది. పిల్ల తప్పేముంది? ఇంట్లో అమ్మ ఆయన్ని పిలిచేది అలాగే. మొగుడి పేరు పైకి చెబితే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ కలలో కూడా పలకదు.

"మరి అమ్మ పేరు?"

"ఏమే."

"మీదే ఊరు?"

"మా ఊరే."

అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే ఆ మనిషి ఒక్కడే నవ్వలేదు.

"అయితే మీ ఇల్లు వెయ్యి."

పిల్ల గోడలు వేసింది, కప్పు వేసింది, గుమ్మం పెట్టింది. ఆయన అరచేత్తో తుడిచేశాడు.

"ఇల్లు అందరికీ ఉంటుందమ్మా. మీ ఇంటి దగ్గర మాత్రమే ఉన్నది వెయ్యి."

మళ్ళీ వేసింది. మళ్ళీ తుడిచాడు. పిల్ల ఏడుపు మొహం పెట్టినా వదల్లేదు. చివరికి ఇంటి పక్కన ఒక తాడిచెట్టు నిలబెట్టి, దానికి రెండు తలలు అతికించింది.

"తాడికి రెండు తలలా?"

"మా చెట్టుకి రెండే."

"అదీ. ఇంకోసారి వెయ్యి."

వీరరాఘవమ్మ చటుక్కున పిల్లని తన వైపు లాక్కుంది.

"ఏవయ్యా, ఎవరింటి పక్కన ఏముందో పసిపిల్లల చేత కక్కిస్తున్నావేంటి? ఏ గోడకి కన్నం వేద్దామని?"

"దొంగని కాదండీ. ఇంకొక్క మాటు వేయించనివ్వండి. ఆనక దిగమంటే దిగిపోతాను."

"ఒక్క మాటూ లేదు, అర మాటూ లేదు. పైడిరాజూ, పడవ ఆపు."

పడవ నడిపే పైడిరాజు ఏదో చెప్పబోయాడు. తల్లులందరూ ఒక్కసారే నోరు చేసుకునేసరికి మాట మింగేసి, పక్కనున్న లంకకి పడవ ఆనించాడు.

ఆ మనిషి మోకాటి నీళ్ళలోకి దిగాడు గానీ పడవ అంచు వదల్లేదు.

"తల్లీ, ఎవరడిగినా ఏం వేస్తావు?"

"తాడిచెట్టు."

"ఎన్ని తలలు?"

"రెండు."

అప్పుడు వదిలాడు.

కొల్లేటికోటలో గాజుల కొట్టు దగ్గర బేరం తెగింది. వీరరాఘవమ్మ చెయ్యి చాపింది. చాపింది పిల్లని పట్టుకున్న చెయ్యే. గాజులు ఎక్కేసరికి పిల్ల లేదు.

పాకల వెనక వెతికింది. నీళ్ళ అంచున వెతికింది. పిల్ల ఎత్తుకి వంగి, జనం కాళ్ళ మధ్య చూసుకుంటూ తిరణాల ఈ కొస నుంచి ఆ కొసకి నడిచింది. అరికాల్లో ముల్లు దిగినా ఆగలేదు.

చాటింపు వేసే డప్పు అతను అడిగాడు. "పిల్ల తండ్రి పేరేంటమ్మా?"

ఆవిడ తాళిబొట్టు కళ్ళకద్దుకుంది.

"చలపతిరావు" అంది. "గట్టిగా చెప్పు నాయనా. దెందులూరు చలపతిరావు." ఆయుష్షు సంగతి ఆ అమ్మవారే చూసుకుంటుందనుకుంది.

డప్పు మోగింది. కానీ ఆ పేరు తన తండ్రిదని పిల్లకి తెలిస్తే కదా.

పొద్దు వాలుతుండగా, దెందులూరు వాళ్ళు దిగిన పాక వెతుక్కుంటూ ఒకతను వచ్చాడు. నల్లజర్ల నుంచి వచ్చిన సూర్రావు, కల్లు గీసేవాడు. భుజం మీద మాణిక్యం.

"ఈ పిల్ల మీదేనాండీ? వంట పొయ్యిల దగ్గర ఏడుస్తా కూర్చుంది. నాన్న పేరడిగితే ఏదో తిక్క పేరు చెప్పింది. ఆనక బూడిదలో చెట్టు గీసి, అదే తన ఊరంది. రెండు తలల తాడి దెందులూర్లో కాక ఇంకెక్కడుందండీ? కుర్రతనంలో ఎక్కాను. ఏ తల గియ్యాలో తేలక పైనే అరపూట కూర్చుండిపోయాను."

వీరరాఘవమ్మ పిల్లని గుండెకి అదుముకుంది. బొగ్గు మరక తన రవికకి అంటినా చూసుకోలేదు.

తిరుగు పడవలో లంక దగ్గరకి రాగానే పైడిరాజుని ఆపమంది. ప్రసాదం మూట పట్టుకుని, కుంటుకుంటూ లంకంతా తిరిగింది. "బాబుగారూ" అని పిలిచింది. రెల్లుగడ్డి తప్ప ఎవరూ పలకలేదు.

"ఇంకో పడవ ఎక్కేసుంటాడండీ" అన్నాడు పైడిరాజు. "పిల్లలున్న పడవ చూసుకుని ఎక్కుతాడు. ఏటా ఇంతే."

పడవ కదిలాక ఆవిడ మెల్లగా అడిగింది.

"ఎవరు పైడిరాజూ ఆయన? ఈ తిరణాల్లో పిల్లని పోగొట్టుకున్నాడా?"

"పోగొట్టుకోలేదండీ" అన్నాడు పైడిరాజు గెడ వేస్తూ. "ఈ తిరణాల్లో మా తాతకి దొరికిన, ఊరు పేరు చెప్పలేని పిల్లాడండీ ఆయన, తన ఇల్లు ఏ పిల్లయినా వేస్తుందేమోనని ఇప్పటికీ వెతుక్కుంటున్నాడు."