బరాత్ గుర్రం

తెల్లగుర్రం చాందినీ ముక్కులోంచి మళ్ళీ నెత్తురు కారింది. నాంపల్లిలోని ఇరుకు కొట్టంలో బీరయ్య దాన్ని తడిగుడ్డతో తుడుస్తుండగా, విశ్రాంత పశువైద్యులు విశ్వేశ్వరరావుగారు పరీక్ష ముగించి, అలసటగా గొట్టపు కెమెరాను గుర్రం ముక్కులోంచి బయటికి తీశారు.

"ఇది వేడి కాదు బీరయ్యా. చెవి కింద, లోపలి సంచిలో బూజు పట్టి రక్తనాళాన్ని తినేస్తోంది. ఆపరేషన్ చేసి ఆ నాళాన్ని మూసివేయాలి. లేకపోతే అది ఏ క్షణానైనా పగిలిపోతుంది."

"మూస్తే బతుకుతదా సార్?"

"బతకవచ్చు. అరుదుగా చూపు పోతుంది."

"చూపు పోతే బరాత్‌లకు పనికిరాదు గదా?"

ప్రాణం మీదికి వచ్చినా ఇతనికి పెళ్ళి ఊరేగింపుల ధ్యాసేనా అని ఆయనకు విసుగు పుట్టింది. "పనికిరాదు," అన్నారు కటువుగా.

"చూపు పోకున్నా పనికిరాదని చెప్పండ్రి సార్. పటాకులు పేలినప్పుడల్లా గజగజ వణుకుతది. బరాత్‌లు ఇగ చాలంటే, బేరాలు ఒప్పుకునే మా అన్న నన్ను పిచ్చోడంటడు. డాక్టర్ మాటైతే ఇంటడు."

విశ్వేశ్వరరావుగారు చాలాసేపు చేతులు తుడుచుకున్నారు. అబద్ధం చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

"మీ అన్నను పిలువు. ఆపరేషన్ తరువాత ఈ గుర్రం ఇక ఎవరినీ మోయకూడదు."

"నిజంగనా సార్?"

"డాక్టరును నేనా, నువ్వా?"