గాలి లెక్క

“బిగిస్తారా, బిగించరా? రెండింట్లో ఏదో ఒకటి చెప్పండి!”

వీరదుర్గ అరుపుకి టీ కొట్టు దగ్గరున్న వాళ్ళంతా ఇటు తిరిగారు. గోదావరి వాళ్ళు కొట్టుకునేటప్పుడు కూడా అండీ వదలరు. అలాగని ఆ అండీలో మర్యాద వీసమెత్తు కూడా లేదు.

మెకానిక్ తాతాజీకి ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే ఎవరి మొహం చూశాడో! ఈవిడెవరో యానాం నించి చేపల వ్యానులో కొడుకు మోటార్ సైకిల్ వేసుకుని ధవళేశ్వరం దిగబడింది. సాయంత్రం కాలవ గట్టు మీద పందెం. వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేశాక కుర్రాళ్ళు ఏటా ఆడే పందెమే. అందులో ఆవిడ కొడుకు వీరబాబు కూడా ఉన్నాడట. పెద్ద బండిలోంచి ఊడదీసిన కార్బురేటర్ ఒకటి సంచిలో పట్టుకొచ్చి, ఉన్నది పీకేసి ఇది బిగించమని కూర్చుంది.

“మీ బండికిది సరిపోదమ్మా.”

“దీన్ని మించింది రాజమండ్రి మొత్తం మీద లేదన్నారు!”

“లేదు. అందుకే సరిపోదంటున్నా. నిమిషానికి ఎంత గాలి వదులుతుందో కార్బురేటర్‌కి ఓ లెక్కుంటది. ఎంత గాలి పీల్చగలదో ఇంజనుకీ ఓ లెక్కుంటది. రెండూ కుదరాలి. బోండం నీళ్ళు సన్న గొట్టంతో పీలిస్తే నోట్లోకొస్తాయి. పంపు గొట్టం పెట్టి పీల్చండి, బుగ్గలు నొప్పెడతాయి తప్ప చుక్క రాదు. గాలి జోరుగా పోతేనే పెట్రోల్ని లాక్కెళ్ళేది.”

“మీ బోండాలు నాకెందుకండి? పెద్దది పెట్టమన్నాను, పెట్టండి!”

తాతాజీ పళ్ళు నూరుకుంటూ గోడ మీదున్న బండి ఫొటో చూపించాడు.

“అదిగో, పల్లంరాజని, రెండేళ్ళ కిందట వచ్చాడు. ఇంజనుకి ఎంత గాలి కావాలో లెక్క కట్టి, సరిగ్గా అంతే ఇచ్చేది బిగించాను. గట్టు మీద వాడి దుమ్ము తప్ప ఇంకేం కనబళ్ళేదు. ఆఖర్న లాకుల మలుపులో తొందరపడ్డాడు గానీ, నా పనికి వంక పెట్టినోడు లేడు.”

ఆవిడ ఫొటో వైపు చూసింది. మొహం ఇంకా బిగుసుకుంది.

“ఆ కబుర్లు చాలు. బిగించకపోతే ఇక్కడే కూర్చుంటా. తాతాజీకి పని రాదని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్తా.”

బిగించకపోతే ఈవిడ పరువు తీస్తుంది. బిగిస్తే బండి తీస్తుంది. ఇన్నేళ్ళుగా పందెం అంటే తాతాజీ, తాతాజీ అంటే పందెం. ఇవాళ్టితో ఆ పేరు కాలవలో కలిసేలా ఉంది. పోనీ, చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత! కసికొద్దీ పానా తీశాడు. సాయంత్రం తనే గట్టుకెళ్ళి, తప్పు తనది కాదని నలుగురి ముందూ చాటుదామనుకున్నాడు.

సాయంత్రం జనమంతా గెలుపు గీత దగ్గర మూగారు. వీరదుర్గ మాత్రం లాకుల మలుపు దగ్గర ఒక్కతే నిలబడింది. పందెం ఎక్కణ్ణించి చూడాలో కూడా తెలీని మొద్దు అనుకున్నాడు తాతాజీ.

తువ్వాలు ఊపారు. వీరబాబు యాక్సిలరేటర్ మొత్తం తిప్పాడు. ఇంజను ఊపందుకోలేదు సరికదా, గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టు ఉక్కిరిబిక్కిరైంది. మిగతా బళ్ళు దుమ్ము లేపుకుంటూ మాయమయ్యాయి. ఇతగాడి బండి దగ్గుకుంటూ, తుమ్ముకుంటూ, ముసలి ఎద్దులా లాకుల మలుపు దాటింది. జనం ఈలలు వేసి మరీ నవ్వారు.

“తాతాజీ బిగించిన బండంట్రోయ్!” అని ఎవడో అరిచాడు. తాతాజీకి తల కొట్టేసినట్టయింది.

వీరబాబు బండిని గట్టు మీద పడేసి కాలితో తన్నాడు. “ఇంకో పందెం ఆడితే చెప్పుచ్చుకు కొట్టండి! ఈ డొక్కుని అమ్మిపారేస్తా!” అని ఏడుపు గొంతుతో అరిచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

తాతాజీ మలుపు దగ్గరున్న ఆవిడ మీదకి దూసుకొచ్చాడు. “చూశారా? చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? నా పేరూ మంటగలిపారు, కన్నకొడుకునీ పదిమందిలో నవ్వులపాలు చేశారు! మీరసలు మనిషేనా?”

వీరదుర్గ నడిచిపోతున్న కొడుకు వైపే చూస్తోంది. పొద్దుట్నించీ మొదటిసారి గొంతు తగ్గించింది.

“సరిపోయేది బిగిస్తే బండెలా పోద్దో నాకు తెలుసండి, మీరు లెక్క కట్టి బిగించిన బండితో ఈ మలుపులోనే కాలవలో పడి చచ్చిపోయిన పల్లంరాజు మా పెద్దోడండి.”