అయిదో చావు

“అక్కా, కొత్త సంచిక నాలుగు రకాల అట్టలతో వచ్చింది. నాలుగూ నీకోసమే దాచాను. లోపల కథ మాత్రం ఒకటే,” అన్నాడు కామిక్స్ కొట్టతను.

బస్సు డ్రైవరమ్మ ఒకదాని సీలు చింపేసింది.

“అయ్యో! సీలు తీస్తే విలువ పోదూ?”

“కొనేది చదవడానికే కదా తమ్ముడూ!”

నిలబడే చివరిదాకా చదివింది. కథలో వీరుడు మళ్ళీ చచ్చాడు. ఇది అయిదోసారి. మొదటిసారి చచ్చినప్పుడు ఆమెకు పదకొండేళ్ళు. రెండు రోజులు మెతుకు ముట్టలేదు.

“దిగులుపడకక్కా. వచ్చే నెల లేస్తాడు. సంచికలు మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలు.”

అలవాటుగా కళ్ళు తుడుచుకోబోయింది. తడి లేదు.

మిగతా మూడూ వెనక్కి తోసింది. “ఇకమీదట నాకోసం ఏదీ దాచకు.”

“వాడిమీద అంత కోపమా?”

“వాడిమీదెందుకు? కడుపు మాడ్చుకుని ఏడ్చాను వాడికోసం. ఆ ఏడుపును ఉత్తదని ఎవడన్నా ఊరుకోను. మీరు ఎన్నిసార్లయినా లేపుకోండి. నాకు వాడు ఆ మొదటిసారే పోయాడు.”