ఆరో నంబరు సందేహాలు

ప్రకృతి వనరుల సంరక్షణ కోర్సులో ఆ ఏడాది చేరింది ఆరుగురే. అయిదుగురు ఇరవై దాటీ దాటని పిల్లలు. ఆరో ఆమెకు నలభై రెండు.

చేరే రోజున ఆఫీసు గుమస్తా ఆమె దరఖాస్తు చదివాడు. పేరు దగ్గర ఆగాడు. కళ్ళద్దాలు తీసి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఈ చదువు మీకెందుకమ్మా?"

"వినాలని."

"ఏం వినాలని?"

"పాఠం."

గుమస్తా కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. ముద్ర వేసి కాగితం లోపలికి పంపేశాడు.

విశ్వవిద్యాలయం చిన్నది. ఆ విభాగానికి ఉన్నవి రెండు గదులు, ఒక ల్యాబు. ల్యాబు నిండా సీసాల్లో రకరకాల మట్టి. పాఠాలు చాలావరకు ఒక్క ప్రొఫెసరే చెప్పేవాడు. మనిషి పొడుగు, మాట పొడి. ముఖం మీద ఈగ వాలినా తోలుకునే రకం కాదు. పాఠం మొదలుపెడితే మాత్రం గుక్క తిప్పుకునేవాడు కాదు. గంట కొట్టగానే పుస్తకం మూసేవాడు. దాంతోపాటు నోరూ మూసేవాడు.

హాజరు వేసేటప్పుడు అయిదుగురినీ పేర్లతో పిలిచేవాడు. ఆమె దగ్గరికొచ్చేసరికి తలెత్తకుండా "ఆరు" అనేవాడు.

"ఉన్నాను సార్."

హాస్టల్లో ఉండే ఆ పిల్లలు ఆమెను పెద్దక్క అని పిలిచేవారు. పెద్దక్క బస్సులో వచ్చేది, బస్సులో పోయేది. ఇంటి సంగతులు ఎత్తితే, "ఏముంది, ఇల్లే" అనేది. ఎప్పుడూ ముందు బెంచీయే. రోజుకో సందేహం తప్పనిసరి.

"సార్, ఎండాకాలంలో కూడా బావిలోకి ఊట ఎక్కడినుంచి వస్తుంది?"

ఆయన సుద్దముక్క తీసుకుని నేల బొమ్మ పొరలు పొరలుగా గీశాడు. ఇరవై నిమిషాలు చెప్పాడు. బోర్డుతో చెప్తున్నట్టే చెప్పాడు. ఆమె పెన్ను కింద పెట్టి వింది.

క్లాసులో ఒకమ్మాయికి వసపిట్ట అని పేరు. ఆ రోజు బయటికి రాగానే పెద్దక్కను పట్టుకుంది.

"పెద్దక్కా, అది పుస్తకంలో ఉంది కదా!"

"ఉంది. నిన్ననే చదివాను."

"మరెందుకు అడిగావు? ఇక్కడ ఆకలితో మా ప్రాణాలు పోతుంటే!"

"సార్ చెప్తే ఎలా ఉంటుందో అని."

"ఎలా ఉంటుంది? కరెంటు ఆఫీసు నోటీసులా ఉంటుంది."

అందరూ ఘొల్లుమన్నారు. పెద్దక్క కూడా నవ్వబోయింది. ఎలా నవ్వాలో మరిచిపోయినట్టు మధ్యలోనే ఆగిపోయింది.

పరీక్షలయ్యాయి. అయిదుగురి పేపర్లూ ప్రొఫెసర్ దిద్దాడు. పెద్దక్కది మాత్రం పక్క విభాగం మాస్టారు దిద్దారు.

"సార్‌కి నువ్వంటే అస్సలు పడదు పెద్దక్కా" అంది వసపిట్ట. "అందరం వెళ్ళి పైవాళ్ళకి చెబుదామా?"

"వద్దమ్మా. ఎవరు దిద్దితే ఏముంది?"

రెండో ఏడు ప్రొఫెసర్ అందరినీ వాగు దగ్గరికి తీసుకెళ్ళాడు. వానలకు గట్టు కోసుకుపోయి, నేల పక్కటెముకల్లా బయటపడి ఉంది.

"అంగుళం పైమట్టి తయారవడానికి వందల ఏళ్ళు పడుతుంది" అన్నాడు.

"పోవడానికి సార్?" పెద్దక్క అడిగింది.

ఆయన కోసుకుపోయిన గట్టు వైపు చూశాడు. ఆయన మాట కోసం వెతుక్కోవడం పిల్లలు చూసింది అదొక్కసారే.

"ఒక్క సాయంత్రం చాలు."

ఎండ దెబ్బో ఏమో, పెద్దక్క ఉన్నచోటే కూలబడింది. ఆయన రెండడుగుల దూరంలో ఉన్నాడు. తన నీళ్ళ సీసా తీసి వసపిట్ట చేతికిచ్చాడు.

"ఆవిడకివ్వు."

"ఈయనకంటే రాయి నయం" అని గొణిగింది వసపిట్ట. పెద్దక్క ఆ నీళ్ళు తాగింది. చుక్క మిగల్చకుండా తాగింది.

చివరి పాఠం కూడా అయిపోయింది. పిల్లలు ఫోటోలు దిగారు. ఫోన్ నంబర్లు రాసుకున్నారు. ఒకరికి అటవీ శాఖలో శిక్షణ, ఒకరికి నర్సరీలో ఉద్యోగం. వసపిట్ట పెద్దక్కను కావలించుకుని ఏడ్చి వెళ్ళిపోయింది. గదిలో ఇద్దరే మిగిలారు.

ఆయన బోర్డు తుడుస్తున్నాడు. ఆమె బెంచీలోంచి లేవలేదు.

"సార్, ఒక సందేహం."

"అడగండి."

"దీని తర్వాత ఇంకేం ఉంది?"

తుడిచిన చోటే ఆయన మళ్ళీ తుడిచాడు.

"పరిశోధన ఉంది. మూడేళ్ళు, నాలుగేళ్ళు పట్టొచ్చు."

"ఏ విషయం తీసుకోమంటారు?"

"బండల మీద పొలుసులా పాకే రాతిపువ్వు ఉంది. ఏడాదికి మిల్లీమీటరు పెరిగితే గొప్ప. కొలుస్తూ కూర్చోవాలి. చాలామందికి విసుగొస్తుంది."

"కూర్చుంటాను సార్."

"కాగితం మీద గైడుగా పక్క విభాగం మాస్టారే ఉంటారు. నేను వివరంగా చెప్తాను. వారానికి రెండు గంటలు."

ఆమె బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

"మూడు గంటలు కుదరదా సార్?"

ఆయన డస్టరు బల్ల మీద పెట్టాడు. చేతికంటిన సుద్దపొడి చూసుకున్నాడు.

"కుదురుతుంది" అన్నాడు.

ఆమె లేచి బస్సు కోసం వెళ్ళింది. ఆయన గది తాళం వేసి, స్కూటరు తీశాడు.

రాత్రి ఎనిమిది గంటలకు ఇంట్లో ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే ఆమె వచ్చి కంచం పెట్టింది. మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం కూతురు పోయినప్పటినుంచి ఆ ఇంట్లో ఆ భార్యాభర్తలు ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.